ముందే పెట్టిన సంతకం

మా బావ చేతిలో పని పడిందంటే ఇక గడియారం సంగతి మర్చిపోవాల్సిందే. మర బిగించేవాడు, విప్పేవాడు, మళ్ళీ బిగించి "ఇప్పుడు బాగుంది" అనేవాడు. మా సెక్షన్లో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తుండేది కాదు, అందరూ "నిదానం" అనే పిలిచేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. అక్క మొగుడైపోయాడు గానీ, వేరే ఎవడైనా అయితే నాలుగు దులిపేసేవాణ్ణి.

మేమిద్దరం పనిచేసింది భూమికి వంద మీటర్ల అడుగున. అక్కడ పెద్ద గుండ్రటి గొట్టంలో ప్రోటాన్లను ఎదురెదురుగా పరుగెత్తించి ఢీకొట్టిస్తారు. అవి ఢీకొనే చోట ఐదంతస్తుల మేడంత యంత్రం ఉంటుంది. బయటికి ఎగిరిన ప్రతి ముక్క శక్తినీ అది కొలుస్తుంది. దానికి కరెంటు అందించే బోర్డులు పాడైతే మార్చడం మా పని. శాస్త్రం వాళ్ళది, స్క్రూడ్రైవర్ మాది.

ఆ శాస్త్రం వాళ్ళలో ఒకావిడను మేము డాక్టరమ్మ అనేవాళ్ళం. బల్ల మీద ఆమె పేరు ముందు "డాక్టర్" అని చూసి మా బావ మొదటిరోజే తన మోకాలి నొప్పి మొత్తం చెప్పుకున్నాడు. ఆమె ఓపిగ్గా విని, "నేను ఆ డాక్టర్ని కాదండీ, కానీ మెట్లు తక్కువ ఎక్కండి" అంది. ఆ మాటతో ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఏం వెతుకుతున్నావమ్మా అని ఆయన అడిగితే, ఆమె టీ తాగుతూ చెప్పింది.

"ఢీకొన్నాక ముక్కలు అన్నివైపులకీ ఎగురుతాయండీ. ఇటు ఎంత పోతే అటూ అంత పోవాలి. ఒకవైపు తక్కువొచ్చిందంటే, మనకి కనబడకుండా ఏదో జారిపోయినట్టు. అది కృష్ణ పదార్థం కావచ్చు. విశ్వంలో మనకి కనబడేదానికన్నా అదే ఎక్కువ. కానీ దాని రేణువు ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు."

"కనబడదు, వినబడదు, కానీ ఉంది. మా ఇంట్లో నా మాటలాగన్నమాట!" అన్నాడు బావ. డాక్టరమ్మకి టీ పొలమారింది.

మా పనికి ఒక పద్ధతి ఉంది. బోర్డు మార్చేటప్పుడు ఇద్దరుండాలి. ఒకడు కింద బిగిస్తాడు. రెండోవాడు పైన గదిలో తెర ముందు కూర్చుని వోల్టులు సరిగ్గా వచ్చాయో లేదో చూస్తాడు. పని జరిగేటప్పుడు హెచ్చరిక ఊరికే మోగకుండా దాని హద్దులు సడలిస్తారు. పనయ్యాక ఆ హద్దుల్ని మళ్ళీ బిగించాల్సింది కూడా పైవాడే. చివర్లో ఇద్దరూ కాగితం మీద సంతకం పెట్టాలి.

ఆ రోజు కింద బావ, పైన నేను. మధ్యాహ్నం ఒకడు ఫోన్ చేశాడు. నేను నెలరోజులుగా కన్నేసిన పాత మోటార్‌సైకిల్ అమ్మకానికి పెట్టారట, గంటలో రాకపోతే ఇంకొకడు తన్నుకుపోతాడట. ఇన్నేళ్ళలో నిదానం బిగించిన బోర్డు ఒక్కటైనా తప్పిందా? ఈ ఒక్కరోజుకి కొంపలేం మునిగిపోవు అనుకున్నాను. కాగితం మీద "సరిచూశాను" అన్నచోట ముందే సంతకం గీకేసి, తెర ముందు పెట్టి వెళ్ళిపోయాను. బండి బాగానే ఉంది. మూడేళ్ళు నడిపాను.

బావ కిందనుంచి రెండుసార్లు ఫోన్ చేశాడట. ఎవరూ ఎత్తకపోతే నొప్పి మోకాలితోనే పైకొచ్చాడు. తెర మీద ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. హద్దులు సడలించే ఉన్నాయి కాబట్టి అది వెలగక ఏం చేస్తుంది! పక్కన నా సంతకం ఉంది. నమ్మాడు. తన సంతకమూ పెట్టాడు. తన చేత్తో బిగించిన మరనే మూడుసార్లు చూసుకునే మనిషి, నా సంతకాన్ని మాత్రం ఒక్కసారే చూశాడు.

కొత్త బోర్డు రెండు వేల వోల్టులు ఇవ్వాల్సింది పదిహేను వందలే ఇచ్చింది. హద్దుల్ని మళ్ళీ ఎవరూ బిగించలేదు కాబట్టి హెచ్చరికా మోగలేదు. ఏడు వారాలపాటు యంత్రంలో ఆ మూల ప్రతి ముక్క శక్తినీ తక్కువ చేసి చదివింది.

డాక్టరమ్మ వాళ్ళకీ ఒక పద్ధతి ఉంది. లెక్క వేసే విధానం మొత్తం ఖాయమయ్యేదాకా, జవాబు ఉండే భాగాన్ని మూసే ఉంచుతారు. ముందే చూస్తే మనసు తనకి కావలసిన వైపు లాగుతుందని వాళ్ళ భయం. ఆరేళ్ళు పనిచేసి, ఆ మూసిన భాగాన్ని తెరిచింది ఆమె. ఒకవైపు శక్తి తక్కువొచ్చిన ఢీలు నలభై ఉండాల్సినచోట డెబ్బై ఒకటి ఉన్నాయి. హాల్లో ఎవరో కేక వేశారు. ఆమె మాత్రం కుర్చీ అంచు పట్టుకుని, "ఇల్లు అలకగానే పండగ కాదు, ఉండండి" అంది.

పది రోజులకే తేలిపోయింది. ఎక్కువ వచ్చినవన్నీ ఒకే మూలవి, ఆ ఏడు వారాలవి. ఆమె మా సెక్షన్‌కి వచ్చి ఆ బోర్డు కాగితం అడిగింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు. వెనక మా పెద్ద అధికారి నిలబడ్డాడు. బావ కాగితం తీసి నా సంతకం చూశాడు, నన్ను చూశాడు. నేను తేలుకుట్టిన దొంగలా నేల చూపులు చూశాను. నాది అప్పుడు కాంట్రాక్టు ఉద్యోగం. పర్మనెంటు చెయ్యాలా, ఇంటికి పంపాలా అన్నది ఆ నెల్లోనే తేల్చాలి. నాకున్న ఇద్దరూ చంటిపిల్లలే. బావకి ఇవన్నీ తెలుసు.

"ఆ రెండో సంతకమూ నేనే పెట్టానమ్మా," అన్నాడు. "వాణ్ణి వెళ్ళమన్నది నేనే. వాడికేం తెలీదు."

నోరు తెరవాల్సిన క్షణం అదే. ఒక్క మాట చాలు. నేను తెరవలేదు.

డాక్టరమ్మ ఆయన వైపు తిరిగింది. "మీరా?" అంది. కాగితం తీసుకుని వెళ్ళిపోయింది. ఆ ఏడు వారాలూ తీసేసి మళ్ళీ లెక్కవేస్తే ఎక్కువంతా మాయమైంది. ఏమీ దొరకలేదని వ్యాసం రాసింది. లేదని తేల్చడం కూడా పనికొచ్చే సంగతేనట. ఆ వ్యాసం రాశాక కూడా ఆమె బావతో టీ తాగలేదు.

బావ కిందికి దిగే పాసు తీసేసుకున్నారు. స్టోర్లో కూర్చోబెట్టి మరలు, మేకులు లెక్కపెట్టి ఇమ్మన్నారు. నిదానం అన్న పేరు పోయి "దొంగ సంతకం" అన్న పేరొచ్చింది. కుర్రాళ్ళు ఆయన ముందే అనేవారు. ఆ నెలాఖర్నే నన్ను పర్మనెంటు చేశారు, కింద ఆయన చేసే పని నాకిచ్చారు. ఒకసారి స్టోర్ కిటికీ దగ్గర, "బావా, వెళ్ళి చెప్పేస్తాను" అన్నాను.

"ఇప్పుడా? ఇప్పుడు చెప్తే ఇద్దరం అబద్ధాలకోరులమవుతాంరా. పోయి పని చూసుకో," అన్నాడు. నాకు కావలసింది ఆ మాటే. సిగ్గులేకుండా ఊపిరి పీల్చుకున్నాను. ఇంకోసారి ఆ మాట ఎత్తలేదు.

రిటైరైన రెండేళ్ళకి బావ గుండెనొప్పితో పోయాడు. అంత్యక్రియలకి వచ్చిన డాక్టరమ్మ చివరి వరసలో కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. నెల తర్వాత అక్క నన్ను పిలిచి, వంటగదిలో ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఒరేయ్ తమ్ముడూ, ఒకటడుగుతాను, కాదనకు. నీ సంతకం ఆయన పెట్టారని తెలిసిన దగ్గర్నుంచీ నాకు నిద్రలేదురా. పిల్లలుగలవాడివి, నీ ఉద్యోగం ఊడిపోయుంటే ఏమయ్యేది? చచ్చేదాకా దెప్పుతూనే ఉన్నాను. ఒక్కసారీ బదులు చెప్పలేదు మహానుభావుడు. ఆయన తరఫున నేనడుగుతున్నా, మనసులో పెట్టుకోకు. ఆయన్ని క్షమించు," అంటూ నా రెండు చేతులూ పట్టుకుంది.

నిజం చెప్పేద్దామనుకున్నాను. చెప్తే ఇన్నేళ్ళూ ఆమె దెప్పిన ప్రతి మాటా ఆమెకే తిరిగి తగులుతుంది అనుకున్నాను. అదీ వంకే. అసలు సంగతి, నాకు భయం వేసింది.

"ఫర్వాలేదక్కా," అన్నాను. "నేనెప్పుడో క్షమించేశాను."