పాపకు చూడని మంచి ఘడియ

తొంభైల్లో మదనపల్లెలో మాతోపాటు ఉండిన మా అత్త, అంటే నా భార్య తల్లి, గోడ క్యాలెండరు మీద వేలు పెట్టి మంచి ఘడియ చూడనిదే మా వాడిని గడప దాటనిచ్చేది కాదు. వాడు రెండో తరగతి, వాడి చెల్లెలు పాప ఒకటో తరగతి. వేసవి సెలవులయ్యాక బడి తెరిచిన సోమవారం, రాహుకాలం పోవాలని వాడిని తొమ్మిది దాకా ఆపింది. పాపను మాత్రం ఎనిమిదిన్నరకే పంపేసింది. ఆలస్యంగా పోయిన వాడిని తరగతి బయట నిలబెట్టారు. ఆ ముచ్చట చెప్పి ఆ వారమే కుప్పంలో హేతువాదుల సభలో అందరినీ నవ్వించాను.

శుక్రవారం అత్త మళ్లీ వాడి కోసం క్యాలెండరు ముందు నిలబడింది. పాప సంచి తగిలించుకుని గడప మీదే కూర్చుంది.

"నాకూ టైం సూడవ్వా."

"ఆడబిడ్డకు టైం యాల మే? నువ్వెప్పుడు పోతే ఏముండాది? పో పో!" అని అత్త నవ్వింది.

నాకు ఒళ్లు మండింది. ఆ మంటంతా మూఢనమ్మకం మీదే. క్యాలెండరు పీకి చించేశాను.

"ఇంక ఈ ఇంట్లో ఎవరికీ రాహుకాలం లేదు తల్లీ," అన్నాను గర్వంగా.

పాప ముక్కలు ఏరుకుంటూ ఏడ్చింది.

"నాకు ఒక్క దినమన్నా సూడకముందే చించేస్తివే నాయనా!"