పసుపు కల్లంలో గోల్ఫ్ గుంత

ఆ రోజుల్లో, ఉద్యోగం పర్మనెంట్ కావడానికి పని తెలిస్తే చాలని నమ్మేంత అమాయకుణ్ని నేను. ఆర్మూర్‌లో పసుపు కొనే ఒక కంపెనీ బ్రాంచిలో టెంపరరీగా చేరి, కొమ్ము విరిచి లోపలి రంగు చూడడం, తేమ చెప్పడం, రైతు ముందు పెదవి విరవడం అన్నీ నేర్చుకున్నాను. (సరుకు బాగున్నప్పుడు పెదవి విరవడం చాలా కష్టం. దానికి నెల పట్టింది.) సీజన్ చివర్లో ఒకే ఒక్క పోస్టు ఖాయం చేస్తారని, దానికి నేనూ, మా అకౌంట్సాయనా పోటీ అని తెలిసింది. ఇంటి దగ్గర నాన్న అప్పటికే "మావోనికి పర్మనెంటయితది" అని ఊరంతా చెప్పేసుకున్నాడు. అది కాకపోతే భీమ్‌గల్ బస్సెక్కి ఇంటికెళ్లే మొహం నాకు లేదు.

సరిగ్గా అప్పుడే మా మేనేజర్ ఒక వార్త మోసుకొచ్చాడు. ఆయన్ని మేము చాటుగా పాలిష్ సార్ అనేవాళ్లం. పసుపు కొమ్ములకు మిషన్లో వేస్తేగాని రాని మెరుపును ఆయన పైవాళ్లకు నోటితోనే పెట్టేవాడు. హైదరాబాద్ నుంచి రాబోతున్న పెద్దసారుకు గోల్ఫ్ పిచ్చట. అందులోనూ పటింగ్, అంటే చివర్లో బంతిని మెల్లగా గుంతలోకి నెట్టడం. ఏ బ్రాంచికెళ్లినా స్టాఫ్ చేత అది ఆడించి, ఎవరికెంత ఏకాగ్రత ఉందో చూస్తారట. "పర్మనెంట్ గావాల్నంటె బంతి గుంతల పడాలె," అన్నాడు పాలిష్ సార్. మర్నాడే మేస్త్రీని పిలిపించి, పసుపు ఆరబోసే సిమెంటు కల్లంలో గుంత కొట్టించి, అందులో స్టీలు గ్లాసు దింపించాడు. చుట్టూ పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కూడా కొట్టాం.

ఇక బ్రాంచిలో పసుపు కొనడం మినహా అన్నీ జరిగాయి. హోదా ప్రకారం ముందు పాలిష్ సార్, తర్వాత అకౌంట్సాయన కల్లాన్ని ఆక్రమించుకున్నారు. ఒకరోజు వేల్పూర్ నుంచి వచ్చిన పెద్దాయన తువ్వాలలో నాలుగు కొమ్ములు పట్టుకుని ఎండలో నిలబడ్డాడు.

"సారూ, పొద్దటి సంది నిలబడ్డ. జర మా కొమ్ములు చూడుర్రి."

"కదలకు పెద్దమనిషీ, నీ నీడ బంతి మీద పడతది," అన్నాడు పాలిష్ సార్ తల ఎత్తకుండా.

పెద్దాయన పక్కకు జరిగి కాసేపు చూశాడు. "గా గుంతల ఏస్తే ఏమొస్తది సారూ?"

"ఏకాగ్రత వస్తది."

"మరి మా పసుపుకు రేటెప్పుడు వస్తది?"

నా వంతు ఎప్పటికీ రాకపోవడంతో నేను అద్దెకున్న ఇంటి మిద్దెనే నమ్ముకున్నాను. కింద ఇంటామె ఉండేది, పిన్ని అన్నట్టు ఖాలా అని పిలిచేవాణ్ని. ఫోన్లో వీడియోలు పెట్టుకుని తల కదలకూడదు, మణికట్టు వంగకూడదు, చూపు బంతి మీదే ఉండాలి అని జపం చేస్తూ, అడ్డంగా పడుకోబెట్టిన గ్లాసులోకి కర్రతో బంతిని కొట్టేవాణ్ని. మిద్దె వాన నీళ్ల పైపు వైపు వాలుగా ఉండడంతో ఎంత సూటిగా కొట్టినా బంతి ఎడమకు తిరిగి, ఖాలా ఎండబోసిన మిరపకాయల్లోకి దూరేది. దాన్ని తీసి అదే చేత్తో చెమట తుడుచుకున్నాక చూపు బంతి మీద నిలపడం ఎంత కష్టమో ఏ వీడియోలోనూ చెప్పరు.

"అరే బేటా, గంట సంది తల వంచుకొని నిలబడ్డవ్. ఏమన్న పారేసుకున్నవా?" అంది ఖాలా.

"నౌకరీ కోసం ప్రాక్టీస్ ఖాలా."

"యా అల్లా! గిదేం నౌకరీ?"

చివరికి కిటుకు దొరికింది. గ్లాసుకు జానెడు కుడిపక్కకు గురి పెడితే, బంతి తనంతట తానే ఒంపు తిరిగి వచ్చి పడేది. ఇక నాకు తిరుగులేదనుకున్నాను.

పెద్దసారు వచ్చారు, చూశారు, పలుమార్లు కొట్టారు. ఒక్కటీ పడలేదు. అకౌంట్సాయన బంతిని బస్తాల కిందికి కొట్టి, "మీ అంత నాతోని ఏడయితది సార్," అన్నాడు. నేను కర్ర పట్టుకునేసరికి పాలిష్ సార్ చెవి దగ్గరకొచ్చాడు. "సారుకే పడలే. నువ్వు పడగొడితె మంచిగుండది. జర పక్కకు కొట్టు."

ఇన్నాళ్ల సాధన బూడిదలో పోసిన పన్నీరే కదా అని ప్రాణం ఉసూరుమంది. అయినా నాన్న మొహం గుర్తొచ్చి బుద్ధిగా ఒప్పుకున్నాను. ఇది మా మిద్దె కాదు కాబట్టి, అలవాటైన ఆ జానెడు కుడికే కొడితే మర్యాదగా తప్పుతుందని లెక్క వేసి కొట్టాను. తానొకటి తలిస్తే దైవమొకటి తలచినట్టు, వాన నీళ్లు నిలవకూడదని కల్లాన్ని కూడా ఎడమకు వాలుగానే కట్టారు. బంతి కుడికి వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, మెల్లగా ఎడమకు తిరిగి గ్లాసులో ఠంగుమని పడింది.

అప్పుడైనా "అయ్యో, పొరపాటు సార్" అని ఉంటే బతికిపోయేవాణ్ని. నేనేమో "పడ్డది! పడ్డది!" అని కర్ర పైకెత్తి గంతులేశాను. హమాలీలు ఈలలు వేశారు. వేల్పూర్ పెద్దాయన, ఆ రోజూ ఎండలోనే ఉన్నాడు, చప్పట్లు కొట్టాడు. పెద్దసారు "లక్" అని ఒక్క మాట అని కారెక్కారు. పోస్టు అకౌంట్సాయనకు వచ్చింది, ఆయనలో అణకువ ఉందట.

"నౌకరీ పోయింది ఖాలా," అన్నాను సాయంత్రం.

"మరి గుంతల పడ్డదా?"

"పడ్డది."

"మరింకేం! జర కూసో, చాయ్ తెస్త."

ఇప్పుడు నేనూ ఒకచోట మేనేజర్ని. ఆదివారాలు మా పైఅధికారితో షటిల్ ఆడి, ఆయనకు అనుమానం రానంత తేడాతో ఓడిపోయి వస్తుంటాను. (నా చాటున మా వాళ్లు నాకూ ఏదో పేరు పెట్టే ఉంటారు.) అలా ఓడి ఇంటికొచ్చి చెమట తుడుచుకుంటుంటే ఆ స్టీలు గ్లాసు చప్పుడు గుర్తొచ్చి నవ్వొస్తుంది, ఆ గంతులేసిన పిల్లాడి మీద బెంగ కూడా కలుగుతుంది. పైవాళ్ల ముందు నా జన్మలో నేను గెలిచింది ఆ ఒక్కసారే, అదీ ఓడిపోదామని కొట్టి.