సత్యమన్న దింపేసిన పోల్

నిన్న పొద్దున ఖమ్మం బస్టాండ్‌లో ఉండగా ఇంటి నుంచి ఫోన్. మా ఆవిడ.

"సత్యమన్న పోయిండు. గుండెపోటంట. భద్రాచలం దవాఖానాకు తీస్కపోతుంటే గోదావరి బ్రిడ్జి దాటకముందే..."

మొన్న సాయంత్రమే చూశాను. మా రెండిళ్ళ మధ్య గోడ మీదుగా మా వైపుకు వంగి, బకెట్‌తో నీళ్ళు పోస్తున్నాడు. మొక్కలకేమో అనుకున్నాను.

చూసీ చూడనట్టు లోపలికి వెళ్ళిపోయాను.

రెండేళ్ళుగా అదే చేస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. సత్యమన్న బూర్గంపాడులో మా నైబర్. కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ చూసుకునేవాడు. లైసెన్స్ ఉన్న హామ్ రేడియో ఆపరేటర్, ఇంట్లోంచే వైర్‌లెస్‌లో దూరపు ఊళ్ళవాళ్ళతో మాట్లాడేవాడు. డాబా మీద పొడవాటి ఇనప పోల్, దానికి యాంటెన్నా. గోదావరి పొంగి ఫోన్లు పనిచేయని ఏడాది, మా అత్తగారి ఊళ్ళో అందరూ క్షేమమని నాకు కబురు తెచ్చింది ఆ రేడియోనే.

పిడుగుల విషయంలో మాత్రం మహా చాదస్తం. పోల్ నుంచి రాగి పట్టీ కిందికి దించి, గొయ్యి తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి ఎర్తింగ్ చేశాడు. ఎండాకాలం తేమ ఆరిపోకుండా రోజూ ఆ గొయ్యిలో బకెట్ నీళ్ళు పోసేవాడు. మబ్బు పడితే చాలు, రేడియో నుంచి యాంటెన్నా కేబుల్ పీకి, దాని కొసను దేనికీ తగలకుండా ఖాళీ ఆవకాయ గాజు సీసాలో పెట్టేవాడు.

"ఏందన్నా, పిడుగుకు పచ్చడి పెడుతున్నవా?" అని ఏడిపించేవాణ్ణి.

"అవ్ తమ్మీ. పిడుగును మనం ఆపలేం. భూమిలకు దారి చూపియ్యాలె, గంతే" అని నవ్వేవాడు.

రెండేళ్ళ కింద వానాకాలం మొదట్లో పిడుగు పడింది. మా కొత్త కలర్ టీవీ కాలిపోయింది. వాళ్ళింట్లో బల్బు కూడా పోలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వీధిలో అందరి ముందూ అరిచేశాను. "నీ పోలే పిడుగుల్ని పిలుస్తున్నది. నీ ఇల్లు బాగుంటది, మా కొంపలు కాలాలె."

ఆయన తలెత్తి పోల్ వైపు చూశాడు. "మీకు భయమైతే తీసేస్త తమ్మీ" అన్నాడు. ఆ వారంలోనే పోల్ దించేశాడు.

తర్వాత టీవీ మెకానిక్ వచ్చి విప్పి చూశాడు. "ఇది కేబుల్ టీవీ వైర్ల నుంచి వచ్చింది సార్. మీ ఇంటికి సరైన ఎర్తింగే లేదు. ఆ పోల్‌కు ఏం సంబంధం?"

తప్పు నాదని ఆ రోజే తెలిసింది. గోడ దగ్గరికెళ్ళి ఒక్క మాట అంటే సరిపోయేది. పోల్ మళ్ళీ ఎత్తన్నా, నేనూ ఓ చెయ్యేస్తా అంటే ఎంత సంతోషపడేవాడో. ఇవాళ కాదు రేపు అనుకుంటూ రెండేళ్ళు గడిపాను. పాడు ఈగో. ఆయన రేడియో మీద గుడ్డ కప్పే ఉండిపోయింది.

నిన్న ఇంటికొచ్చాక మా ఆవిడ ఇంకో సంగతి చెప్పింది. టీవీ కాలిన నెలలో, నేను ఊళ్ళో లేనప్పుడు, ఎవరో వైర్‌మ్యాన్ వచ్చి గోడ పక్కన గొయ్యి తీసి మన ఇంటికి ఎర్తింగ్ చేశాడని అప్పట్లో తను నాతో అంది. అసలు నిజం నిన్న చెప్పింది.

"వైర్‌మ్యాన్ కాదు. సత్యమన్ననే. తన పోల్‌కున్న రాగి పట్టీ తెచ్చి మనకు పెట్టిండు. టీవీ కేబుల్‌కు గూడ కలిపిండు. మీకు చెప్పొద్దన్నడు, తెలిస్తే కోపంతోని పీకేస్తరని."

నిజమే. పీకేసేవాణ్ణే.

మొన్న సాయంత్రం ఆయన నీళ్ళు పోసింది మొక్కలకు కాదు. మా ఇంటి గొయ్యికి.

ఇవాళ పొద్దున అందులో నేను నీళ్ళు పోశాను.

తప్పు నాదే అన్నా. గోడ అవతల నువ్వున్నప్పుడు అనాల్సిన మాట, ఇక్కడ టైప్ చేస్తున్నాను.

ఆవకాయ సీసాతో పనిలేని చోట ప్రశాంతంగా ఉండు. వెళ్ళిరా.