అంబలి మీద వేసిన నింద

ఈ పొద్దున నా గుండె కొట్టుకున్న తీరుకు జబ్బు తిరగబెట్టిందేమో అనుకున్నాను. కాదు. ఏళ్ల తరబడి నాలుక కింద దాచుకు తిరిగిన ఒక అబద్ధం బయటపడింది. ఇంకా ఒళ్లంతా ఉప్పొంగుతూనే ఉంది. ఒకచోట కూర్చోలేక మీకు రాస్తున్నాను. నా పేరు అడగకండి. ఆ పేరు కోసమే ఇదంతా చేశాను.

మాది ఒకప్పుడు పొందూరు వైపు నాలుగు ఊళ్లలో మాట చెల్లిన కుటుంబం. ఇప్పుడు అమ్ముడైపోయిన మా పెద్దింట్లో పెళ్లిళ్లు జరుగుతాయి, ఎవరెవరివో. నేనూ నా భార్యా విజయనగరంలో అద్దెకుంటున్నాం. మాకు మిగిలింది ఒక్కటే. ఊళ్లో అమ్మవారి పండగనాడు, ఘటం లేచే ముందు, మా ఇంటి పెద్దకొడుకు తలకు సన్న ఖద్దరు పరివట్టం చుడతారు. ఉపవాసంతో వెళ్లాలి. ఒక్క ఏడు వెళ్లకపోతే ఆ గుడ్డ మా దాయాదులు, చిన్న వంతు వాళ్ల తలకెక్కుతుంది. ఇక దిగదు.

కొన్నేళ్ల కిందట నా తలలో కణితి బయటపడింది. విశాఖలో ఆపరేషన్ చేశారు, రేడియేషన్ కరెంటు పెట్టారు, తర్వాత కీమో మాత్రలు మొదలుపెట్టారు. తాలింపు వాసన వస్తే చాలు, కడుపులో దేవేది. మంచినీళ్లు తాగినా ఇనుప మేకు చప్పరించినట్టుండేది. చొక్కా గుండీలు పెట్టుకునేసరికే అలసిపోయి మంచం మీద వాలేవాణ్ణి. ఎవరైనా పలకరించడానికి వస్తే మాత్రం లేచి, వెన్ను నిలబెట్టి కూర్చునేవాణ్ణి, కుర్చీ కింద మగ్గు పెట్టుకుని, దాని మీద తువ్వాలు కప్పి.

పెరటి గోడ అవతల కరుణమ్మ టీచరు ఉంటుంది. బాప్టిస్టు చర్చి వాళ్లు. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయింది. రోజూ చోడిపిండితో, అదే రాగిపిండితో, అంబలి కాచి, గోరువెచ్చగా తెచ్చేది. నా కడుపులో నిలిచింది అదొక్కటే.

“ఏటి దొరా, కర్ర మింగినట్టు కూసున్నావు? వాంతికి నీ దొరతనం తెలుస్తాదేటి? వస్తే కక్కీ. ముందు తాగు.”

ఆ నెలల్లో నన్ను నవ్వించిన మనిషి ఆమె ఒక్కర్తే.

పండగ ముందురోజు రక్తపరీక్ష చేశారు. తెల్లకణాలు బాగా పడిపోయాయి, గుంపులోకి వెళ్లొద్దు, కాచని నీళ్లు ముట్టొద్దు అన్నాడు డాక్టరు. తలూపాను. మర్నాడు, మళ్లీ పరీక్ష ఉందని నా భార్యకు చెప్పి, ఊరికి రైలెక్కాను. టీచరు తెచ్చిన అంబలిని ఆ పూట మందార మొక్కకు పోశాను. ఉపవాసం కదా.

ఎంత సంబరం! తప్పెటగుళ్ల వాళ్ల అడుగులకు దుమ్ము లేస్తోంది. “పెద్దబాబు ఒచ్చీసినాడు!” అని ఎవరో అరిచారు. పూజారి ఆ మెత్తని గుడ్డను నా బోడితల చుట్టూ, కుట్ల మచ్చ మీదుగా చుట్టాడు. జబ్బు కనబడకుండా పోయింది! చెంబుతో పానకం అందించారు. తాగాను. తీపి! నెలల తర్వాత నా నాలుకకు తీపి తెలిసింది. ఇంకో చెంబు అడిగి మరీ తాగాను. ఇప్పటికీ ఆ క్షణం తలుచుకుంటే సిగ్గు కన్నా ముందు సంతోషమే వస్తుంది. ఇది కూడా మీకు చెప్పాలి.

తర్వాత జ్వరం. మంచం ఊగేంత చలి. ఆస్పత్రిలో కళ్లు తెరిచేసరికి డాక్టరు అడుగుతున్నాడు, బయటిది ఏమైనా తీసుకున్నారా అని. పక్కన నా భార్య, వెనకాల బావమరిది. పానకమంటే పండగ సంగతి చెప్పాలి. మూరెడు గుడ్డ కోసం చావుకు ఎదురెళ్లిన మూర్ఖుణ్ణని బావమరిది ముందు ఒప్పుకోవాలి.

“పక్కింటి అంబలి,” అన్నాను.

నా భార్య టీచరుకు గేటు దగ్గరే చెప్పేసింది, ఇక తేవద్దని. పండగకు వెళ్లిన సంగతి తర్వాత ఊరివాళ్ల నోట విని నన్ను అడిగింది. నిలబడి వచ్చేశాను, నీళ్లు కూడా ముట్టలేదన్నాను. నమ్మింది.

ఇంటికొచ్చాక ఒకనాడు టీచరు కిటికీ దగ్గరకొచ్చింది.

“నా సేతి అంబలేనా దొరా? నిజం సెప్పు. మరిగించిన నీళ్లే పోసినాను.”

“డాక్టరు అలాగే అన్నాడు టీచరమ్మా.”

ఆమె తన అరచేతులు చూసుకుంది. వెళ్లిపోయింది.

డాక్టరు అనలేదు. నేనన్నాను. ఎందుకన్నాను? భయమా? భయమైతే జ్వరంతో పాటే పోవాలి కదా. నేను కోలుకున్నాను, జుట్టు మొలిచింది, ఏడాదికేడాది స్కానింగులు బాగున్నాయంటున్నారు. ప్రతిసారీ గోడ అవతలికి చూసేవాణ్ణి, చెప్పేద్దామనుకునేవాణ్ణి, మా తాతగారి మీసాలు గుర్తొచ్చేవి, వెన్ను బిగుసుకునేది. చెప్పలేదు.

ఈ పొద్దున పెరట్లో పళ్లు తోముకుంటున్నాను. అవతల ఎవరో తల్లి బతిమాలుతోంది. ఆమె కూతురికి నాకొచ్చిన జబ్బే. కీమో నడుస్తోంది, ఏమీ ఇమడటం లేదు, కాస్త అంబలి కాచి ఇమ్మంటోంది.

“నా సేతిది వొద్దమ్మా,” అంటోంది టీచరు. “ఒక మనిసిని సావు దాకా అంపీసినాను.”

నేను పరుగెత్తాను. బనీనుతో, నోట్లో నురగతో, చెప్పుల్లేకుండా! వాళ్ల గేటు పట్టుకుని అంతా చెప్పేశాను. పానకం, మందార మొక్క, డాక్టరు అనని మాట. వెనకాల నా భార్య వచ్చి నిలబడిందని తెలుసు. ఆగలేదు.

టీచరు నావైపు చూసింది. “ఇన్నేళ్లూ సూస్తూ ఊరుకున్నావేటి?”

అవునన్నాను.

టీచరు ఆ తల్లి చేతిలోని గిన్నె అందుకుని, ఆమెను లోపలికి పిలిచి, నా ముఖం మీద గేటు వేసింది. నా భార్య వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్లిపోయింది. ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు.

నేనలాగే గేటు ముందు నిలబడిపోయాను. నురగ గడ్డం మీద ఎండిపోయింది. గుండె తప్పెట కొట్టినట్టు కొట్టుకుంది. దారిన పోయేవాళ్లు చూశారు. వెన్ను నిలబెట్టడం మరిచిపోయానని చాలాసేపటికి గాని నాకు తెలియలేదు.