మా వాడి ఏడుపు ఫొటో చూడటానికి బెంగుళూరుకు

పొద్దున ఐదింటికి వై.ఎన్.హొసకోటలో బస్సెక్కాం: నేను, మా ఆయన, రెండేళ్లు దాటిన మా బాబు. బెంగుళూరులో చిత్రాలు, ఫొటోల ప్రదర్శన జరుగుతోంది. అందులో మా బాబు ఏడుస్తున్న ఫొటో పెట్టి, కింద 'ఆకలి' అని రాశారని మా ఆయన స్నేహితుడు చూసొచ్చి చెప్పాడు.

మొన్న ఎండల్లో కరువును ఫొటోలు తీయడానికి ఒకతను మా ఊరొచ్చాడు. అప్పుడు బాబు చేతిలో శెనక్కాయల ఉండ ఉంది. "తిండి కనపడకూడదమ్మా" అన్నాడతను. చదువుకున్నదాన్ని కదా, మర్యాదకు పోయి లాక్కున్నాను. వాడు గుక్కపట్టాడు. అతను ఫొటో తీసుకున్నాడు.

"నా మనవడు ఆకలికి ఏడ్చినాడంటనా? పోయి ఆ రాత చెరిపించుకోని రాపో" అని మా అత్త కొత్తగా ఉండలు కట్టిచ్చింది. బాబుకు కొత్త చొక్కా వేశాను.

"కేసుకు సాక్షిని పిల్చుకపోతాండావు" అని మా ఆయన నవ్వాడు.

పావగడలో బస్సు మారాం. పక్క సీటు అవ్వ అడిగింది:

"యాడికమ్మా?"

"బెంగుళూరికి అవ్వా, ఫొటోలు చూసేకి."

"ఫొటో ఎత్తించుకునేకి పోతారు గానీ, చూసేకి పోతారా యాడన్నా!"

ఎనిమిదింటికి మధుగిరిలో ఇడ్లీలు. సాక్షి రెండు తిన్నాడు; నేను ఇంకోటి కుక్కాను. పన్నెండుకు హాలు చేరాం. ప్రవేశం ఉచితం.

మొదటి గదిలో రంగుల చిత్రాలు, అన్నీ జలపాతాలూ తామరకొలనులూ. రెండో గదిలో మా తాలూకా. బీటలు వారిన నేల ఫొటో ముందు జనం చాలాసేపు నిలబడుతున్నారు. మేం రోజూ దాన్ని దాటుకుంటూ పోతాం.

మూలన మా బాబు, నా అంత ఎత్తున. బల్ల దగ్గరున్న పెద్దాయనతో చెప్పాను: "సార్, ఆ పిల్లవాడు వీడే. ఆకలికి ఏడవలేదు. ఎంత బాగున్నాడో చూడండి, ఆ మాట తీసేయండి."

ఆయన కళ్లద్దాలు పెట్టుకునేలోగా కాపలాదారు వచ్చాడు. "లోపల తినకూడదమ్మా" అని బాబు చేతిలోని ఉండ తీసేసుకున్నాడు.

అదే నోరు, అదే గుక్క. హాలంతా ఇటు తిరిగింది. పెద్దాయన ఫొటోనూ బాబునూ మార్చి మార్చి చూశాడు. "పాపం, ఏమీ మారలేదు" అన్నాడు. ఒకావిడ కళ్లొత్తుకుని బిస్కెట్ పొట్లం ఇచ్చింది. ఏడుపు టక్కున ఆగింది.

"మన సాక్షి వాళ్ల పక్కకు చేరినాడు" అన్నాడు మా ఆయన.

రెండున్నరకు తిరుగు బస్సు. మధుగిరి దాటాక బాబు ఉండ అడిగాడు. ఒకటిచ్చాను. తర్వాత ఇంకోటి, అడగకపోయినా మూడోది.

ముందు సీటు ఆమె వెనక్కి తిరిగింది. "ఇంగ చాలమ్మా, ఎంత పెడతావు? పిల్లోని కడుపు పగుల్తాది."

ఆ ఫొటో కింద ఈమె మాట రాయించి ఉంటే మా అత్తకు చెప్పడానికి జవాబు దొరికేది.