చెల్లెలి మెడలో పతకం

బూర్గ్ పట్నంలో షాంబార్ గారి నగల దుకాణం వెనక గదిలో మేం నలుగురం ఆడవాళ్ళం ఎనామిల్ పని చేసేవాళ్ళం. పెర్నెత్ బల్లా నా బల్లా ఒకే కిటికీ కింద ఉండేవి. రంగు గాజును కల్వంలో నూరి, ఆ పొడిని తడిపి లోహపు బిళ్ళ మీద పరిచి, కొలిమిలో కాల్చేవాళ్ళం. దాని మీద గసగసాలంత బంగారు రేకు నక్షత్రాలు అంటించి, రంగు చుక్కలు పెట్టి మళ్ళీ కాల్చేవాళ్ళం. తడి కుంచె కొసతో నక్షత్రాన్ని ఎత్తేటప్పుడు మా అందరి చేతులూ కొంచెమైనా వణికేవి. పెర్నెత్ చెయ్యి వణికేది కాదు. లియోన్ నుంచి వచ్చే వ్యాపారులు పేరు తెలియకపోయినా, "ఆ కిటికీ దగ్గరావిడ చేసినవి చూపించండి" అని అడిగి తీసుకునేవారు.

ఆమెకు అప్పటికి ముప్పై నాలుగేళ్ళు. పెళ్ళి కాలేదు. తల్లి పోయాక చెల్లెలు జెలీని తనే పెంచింది. తాను మొక్కజొన్న గంజి తాగి దానికి రొట్టె పెట్టింది, జడలు వేసింది, పద్దెనిమిదేళ్ళు రాగానే మా దుకాణంలోనే పనికి కుదిర్చింది. జెలీ మూడు నెలల్లో ఏడు బిళ్ళలు కింద పడేసింది. షాంబార్ గారు విసిగిపోయి ముందు గదిలో గిరాకీలతో మాట్లాడే పనికి మార్చారు. అక్కడ దాని నోరు పనికొచ్చింది. తల్లి టోపీకి గుచ్చే నగిషీ సూది కొందామని వచ్చిన ఆంతెల్మ్ అనే కోళ్ళ రైతు గంటసేపు నిలబడి రెండు సూదులు కొన్నాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఏడాది తిరక్కుండా పెళ్ళయిపోయింది.

పెళ్ళిలో పెర్నెత్ బాగానే నవ్వింది. తిరిగొచ్చాకే మాట తగ్గిపోయింది. జెలీ ప్రతి బుధవారం సంతకు బండిలో వచ్చి, అక్క కోసం కాబేజీ ఆకులో చుట్టిన వెన్నముద్ద తెచ్చేది. అది గుమ్మం దాటగానే పెర్నెత్ ఆ వెన్నను మా ముగ్గురికీ పంచేసి తను ఒట్టి రొట్టె నమిలేది.

"నువ్వూ కాస్త తినవే," అన్నాను ఒకసారి.

"వాళ్ళింట్లో తినగా మిగిలిందట. మిగిలింది తినడానికి నేనేమన్నా వాళ్ళ కోడినా?"

ఆ డిసెంబరులో కోళ్ళ పోటీలో ఆంతెల్మ్ పెంచిన పుంజులకు మొదటి బహుమతి వచ్చింది. మర్నాడే ముఖం వెలిగిపోతూ పెళ్ళాన్ని వెంటబెట్టుకుని మా వెనక గదిలోకే వచ్చేశాడు.

"వదినా, దీనికి పూర్తి సెట్టు కావాలి. పదమూడు బిళ్ళల హారం, మధ్యలో పెద్ద పతకం, చెవులకి జత. చట్రాలన్నీ బంగారమే. మీ చేత్తోనే చెయ్యాలి."

"అక్క చెయ్యకపోతే నాకొద్దు," అంది జెలీ.

పెర్నెత్ తల ఎత్తలేదు. "రంగేమిటి?"

"నీలం. చర్చిలో అమ్మవారి పైటకి వేస్తారే, ఆ నీలం."

"నీ ముఖానికి నీలం పెడితే జబ్బు పడి లేచినదానిలా ఉంటావు."

"ఉండనీ. నా ముఖం నేను చూసుకుంటానా ఏమిటి, చూసేవాళ్ళు చూస్తారు," అని జెలీ నవ్వింది. ఆంతెల్మ్ కూడా నవ్వాడు. పెర్నెత్ కుంచె కడిగిన నీళ్ళు పారబొయ్యడానికి లేచి పెరట్లోకి వెళ్ళి చాలాసేపటి దాకా రాలేదు.

ఏడు వారాలు పట్టింది ఆ పని. కడుపుమంటతో చేస్తే పని చెడుతుందంటారు గానీ నేను చూసింది అది కాదు. అంత నగ ఆమె అంతకుముందు చెయ్యలేదు, తర్వాతా చెయ్యలేదు. లోతైన నీలం, దానిలో వరసతప్పని బంగారు నక్షత్రాలు, అంచున ఆవగింజల్లాంటి తెల్ల చుక్కలు. ఒక్కో బిళ్ళ కొలిమిలోంచి బయటికొచ్చినప్పుడల్లా ఆమె దాన్ని తన గొంతు దగ్గర పెట్టుకుని కిటికీ అద్దంలో చూసుకునేది. నేను చూస్తున్నానని తెలిస్తే ధూళి తుడుస్తున్నట్టు రుద్దేది.

చివరగా పెద్ద పతకం మిగిలింది. మా పనిలో ముందువైపు ఎంత శ్రద్ధగా రంగు వేస్తామో వెనకవైపు కూడా అంతే మందంగా గాజు పూత వెయ్యాలి. చల్లారేటప్పుడు లోహం ఒకలా ముడుచుకుంటుంది, గాజు ఇంకోలా. రెండువైపులా పూత ఉంటేనే ఆ లాగుడు సమానమవుతుంది. వెనక పూత లేకపోతే పతకం కొన్నాళ్ళు బాగానే ఉంటుంది, ఆ తర్వాత ఏదో ఒకనాడు దానంతటదే బీటలిస్తుంది. వెనకవైపు బంగారు రేకు బిగించేస్తే మాత్రం పూత ఉందో లేదో ఎవరికీ కనపడదు.

ఆ రోజు పెర్నెత్ పతకాన్ని తిప్పి చూసి, వెనకవైపు ఖాళీగానే వదిలేసి కొలిమిలో పెట్టింది. నేను చూశాను. నేను చూడడం ఆమె చూసింది.

"ఫాంషెత్, నీ కుంచె ఎండిపోతోంది," అంది.

నేను కుంచె తడుపుకున్నాను. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే నాకు సిగ్గుగానే ఉంటుంది.

ఈస్టరుకు జెలీ ఆ సెట్టు పెట్టుకుని చర్చికి వచ్చింది. నిజం చెప్పాలంటే నీలం దానికి బాగా నప్పింది. మెట్ల మీద ఆడవాళ్ళు చుట్టూ మూగి ఒక్కొక్కరే పతకాన్ని వేళ్ళతో పట్టుకుని చూశారు. "మా అక్క చేసింది," అని అందరితోనూ చెప్పింది. అందరూ పెర్నెత్ వైపు తిరిగి ఒకసారి చూసి, మళ్ళీ జెలీ మెడ వైపు తిరిగిపోయారు.

అప్పటినుంచి పెర్నెత్ ప్రతి ఆదివారం తొమ్మిది కిలోమీటర్లు నడిచి చెల్లెలి ఊరు వెళ్ళడం మొదలుపెట్టింది. జెలీ పొంగిపోయింది. "మా అక్కకి నా మీద ఇప్పటికి ప్రేమ పుట్టింది," అని సంతకొచ్చి మాతో చెప్పుకునేది. అక్క చూపంతా తన పతకం మీదే ఉంటుందని దానికి తెలియదు. "ఇలా ఇవ్వు, తుడిచిపెడతా," అని పతకం తీసుకుని వెలుగుకు పట్టి వెంట్రుకంత గీత కోసం వెతికేదట పెర్నెత్. ప్రతి ఆదివారం గీత లేని పతకం చూసి తిరిగొచ్చేది. సోమవారాలు ఆమెతో ఎవరం మాట్లాడేవాళ్ళం కాదు.

రెండో చలికాలంలో అది పగిలింది. బుధవారం కాదు, బండి కూడా లేదు. జెలీ బురద కాళ్ళతో నడిచి వచ్చి చేతిరుమాలు మూట విప్పింది. పతకం మీద మూల నుంచి మూలకు గీత, ఒక పక్క నీలం పెచ్చు లేచి పోయింది.

"అక్కా, పాడు చేసుకున్నాను. ఆయనకి తెలియనివ్వకు. కోళ్ళకి మేత వేసేటప్పుడు కూడా కోటు లోపల ఇదే వేసుకునేదాన్ని. మంచులోంచి వచ్చి పొయ్యి దగ్గర నిలబడ్డాను, టిక్కుమంది."

"కోళ్ళ దొడ్లో వేసుకునే నగా అది?" అంది పెర్నెత్.

"మరెక్కడ వేసుకోను? ఆ ఇంట్లో గిన్నె నాది కాదు, దుప్పటి నాది కాదు. గరిటె ముట్టుకుంటే అది మా అమ్మది అంటుంది అత్తగారు. వెన్న కూడా అడిగే తెస్తున్నాను, అడిగిన ప్రతిసారీ ఒక మాట పడుతున్నాను. నాదంటూ ఉన్నది ఇదొక్కటే. మనింట్లోంచి వచ్చింది ఇదొక్కటే."

పెర్నెత్ కుంచె పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుంది. ఒకసారి నావైపు చూసింది.

"నువ్వు పాడు చెయ్యలేదు, జెలీ. నేనే చేశాను. వెనక పూత వెయ్యలేదు."

"మర్చిపోయావా?"

"లేదు. పగలాలనే వదిలేశాను."

జెలీ పతకాన్ని వెనక్కి తిప్పి చూసింది. "ఎందుకు?"

"నీ మెడలో చూడలేకపోయాను."

"నీకు కావాలంటే అడగాల్సింది."

"అడిగితే ఇచ్చేదానివి. అదే నేను భరించలేనిది."

జెలీ రుమాలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. మాటలు ముందు గదిలోకి వినపడినట్టున్నాయి, షాంబార్ గారు వచ్చి పతకం వెనక రేకు ఊడదీసి చూశారు. ఆయన అరిచే మనిషి కాదు. "దీని మీద నా ముద్ర ఉంది, పెర్నెత్," అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "నువ్వు చూశావా?" అన్నారు.

"చూశానండి."

వేసవి ముగిసేదాకా మా ఇద్దరినీ కుంచె ముట్టుకోనివ్వలేదు. కల్వాల దగ్గర కూర్చోబెట్టి రంగులు నూరించారు. పతకం మాత్రం ఆయన కళ్ళ ముందే, రెండువైపులా పూతతో, పెర్నెత్ చేతే మళ్ళీ చేయించారు. పగిలిందని మాత్రమే తెలిసిన ఆంతెల్మ్ తీసుకెళ్ళడానికి వచ్చాడు.

"ఏమైంది వదినా మీ ఇద్దరికీ? మీ పేరెత్తితే చాలు, పొయ్యిలో కట్టెలు ఎగదోస్తోంది."

"దాన్నే అడగండి."

జెలీ భర్తకు అసలు సంగతి ఎప్పుడూ చెప్పలేదు. నాలుగేళ్ళపాటు మా దుకాణం గుమ్మం కూడా తొక్కలేదు. బుధవారాలు బండి చప్పుడు వినిపిస్తే పెర్నెత్ కుంచె ఆగేది. "ఆ వెన్న ఉప్పగా ఉండేది," అంది ఒకసారి, ఎవరూ అడక్కుండానే. ఎప్పుడో మాకు తెలియకుండా రుచి చూసిందన్నమాట.

అయిదో ఏడు ఆంతెల్మ్ ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. పిల్లల్లేరు. అత్తగారూ బావగారూ పొలం తీసుకుని, నగలు ఇంటివంటూ సెట్టు కూడా ఉంచేసుకున్నారు. జెలీ ఒక పెట్టెతో పెర్నెత్ గది తలుపు తట్టింది. పెర్నెత్ తలుపు తీసి, "చెక్కచెప్పులు బయట విడువు, నేల కడిగాను," అంది. జెలీ విడిచి లోపలికి వచ్చింది.

నగలు లాగేసుకున్నారని తెలిసిన మర్నాడు మాత్రం పెర్నెత్ పని మానేసి ఆ ఊరు నడిచి వెళ్ళింది. జెలీ అత్తగారి గుమ్మం ముందు నిలబడి ఊరంతా వినేలా గంటసేపు తిట్టింది. వాళ్ళు కుక్కను వదిలారు. ఉత్త చేతులతో, చిరిగిన గౌనుతో, పారిపోతూ పక్కింటి పూలకుండీ పగలగొట్టిన సంగతి కూడా చెప్పుకుంటూ తిరిగొచ్చింది. జెలీ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి ఏడ్చింది.

తర్వాత పందొమ్మిదేళ్ళు ఒకే గదిలో బతికారు. అసూయ పోయిందా అంటే పోలేదు. వారం తిరక్కుండా ఆ మేడలో ఉండేవాళ్ళందరూ జెలీకి స్నేహితులైపోయారు. "ఇరవై ఏళ్ళుగా ఈ మెట్లెక్కుతున్నాను, నన్నెవరైనా పలకరించారా?" అని పెర్నెత్ నా దగ్గర గొణిగేది. లియోన్ వ్యాపారి పెర్నెత్‌కు కొత్త సంవత్సరానికి మిఠాయి డబ్బా పంపితే జెలీ రెండు రోజులు ముభావంగా ఉండేది. క్షమించావా అని జెలీని ఒకసారి అడిగాను.

"లేదు," అంది ఉల్లిపాయ తరుగుతూ. "అయినా దానికి సూప్‌లో ఉప్పెంత వెయ్యాలో తెలియదు. ఎవరో ఒకరు ఉండాలి కదా."

మొదట పెర్నెత్ పోయింది, మార్చిలో. నగల పనివాళ్ళందరూ వచ్చారు. ముసలి షాంబార్ గారు కర్ర పట్టుకుని వచ్చారు, లియోన్ నుంచి కూడా ఇద్దరు వచ్చారు. చర్చిలో చోటు చాలక కొందరు బయట నిలబడ్డారు. జెలీ నా చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగి ఆ జనాన్ని చూసింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"చూశావా ఫాంషెత్," అంది. "నేను పోతే ఇందులో సగంమంది కూడా రారు."

వేళాకోళానికి అనలేదు.