ఓదేలు బిడ్డ పిడికిలి

మందమర్రి బొగ్గుబాయి కాలనీల ఓదేలు లాంటి యూనియన్ మనిషి సచ్చిపోతే, మీద ఎర్రజెండ కప్పి ఆడ మగ అందరు పిడికిలి ఎత్తుతరు. ఓదేలు బిడ్డ రవళికి చిన్నప్పటి సంది తెలిసిన దండం అదే.

కరీంనగర్ కాలేజీల చేరిన పదోనాడు, కాలం చేసిన సారుకు సంతాపసభ పెట్టిండ్రు. అందరు చేతులు కట్టుకొని నిలవడ్డరు. రవళి ఒక్కతే పిడికిలి ఎత్తింది. ఆమె క్లాసు రాకేశ్ అది ఫోన్ల తీసి గ్రూపుల ఏసిండు. తెల్లారి నుంచి ఆమె పేరు దళమక్క. "తుపాకి యాడ దాసినవే దళమక్కా" అని అడుగుడు, నవ్వుడు. హాస్టల్ల పక్కన కూసొని తినేటోళ్లు లేరు. పెద్దసారు పిలిచి, గీ యేషాలు గీడ నడవయన్నడు.

చలికాలంల ఓదేలు గుండె ఆగి సచ్చిపోయిండు. కాలేజీ నుంచి నలుగురు వచ్చిండ్రు. అండ్ల రాకేశ్ ఉన్నడు, చేతిల ఫోన్ ఉన్నది.

కాలనీ అంత పిడికిలి ఎత్తింది. రవళి చెయ్యి చున్నీ కిందనే ఉన్నది. అవ్వ రెక్క పట్టి లేపవోతే గుంజుకున్నది.

"బాపుకు దండం పెట్టుటానికి సిగ్గయితుందా బిడ్డా" అన్నది అవ్వ.

రవళి రాకేశ్ దిక్కు చూసింది. ఫోన్ జేబుల పెట్టుకొని, అందరితోని పాటు పిడికిలి ఎత్తి నిలవడ్డడు వాడు.